అంకెలును బొమ్మలును

మదనపల్లె, కురబలకోట ప్రాంతముల వారికి హార్సిలీ కొండ చిన్ననాటినుండియు పరిచితమైనది. పూర్వము దానిని ఏనుగుమల్లమ్మ కొండ అని పిలిచెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన హార్సిలీ దొర దానిపై వేసవి విడిది కట్టుకొనుటచే ఈ పేరు కలిగినది. ఆ కొండ ఎత్తెంత అని అడిగినచో, భూగోళపుస్తకము చదివిన బాలుడు “పండ్రెండువందల యేబది మీటర్లకు పైన” అని చెప్పును. కొండ క్రింద గొఱ్ఱెలు మేపుకొను వృద్ధుడు “అంత ఎక్కడిది? అందులో సగముండును” అనును. ఇద్దరును నిజమే చెప్పిరి. బాలుడు సముద్రమట్టమునుండి కొలిచెను. వృద్ధుడు తాను నిలిచిన నేలనుండి కొలిచెను. మదనపల్లె నేలయే సముద్రమట్టమునకు ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున నున్నది గదా! లెక్కలో తప్పులేదు. కొలత మొదలిడిన చోటు వేఱు, అంతియే.

కొండ విషయమున “ఎక్కడనుండి కొలిచితివి?” అని అడుగుట ఎవరికైనను తోచును. వార్తాపత్రికలో అచ్చయిన పటమును చూచునప్పుడు మాత్రము ఆ ప్రశ్న తోచదు. అచ్చులో నున్నదానిపై గౌరవ మొకటి, బొమ్మను చూచిన వెంటనే అర్థమైనదను తృప్తి యొకటి, ఈ రెండును కలిసి చదువరి నోరు మూయించును.

మదనపల్లె టమోటా మార్కెట్టు దేశమున పేరొందిన పెద్ద మార్కెట్లలో ఒకటి. చుట్టుప్రక్కల మండలములలో బోరునీటిని నమ్ముకొని టమోటా పండించు కుటుంబములు అనేకము కలవు. అట్టి కుటుంబము నొకదానిని కురబలకోట దగ్గర ఊహింతము. మూడెకరముల చేను. అందులో ఒక ఎకరమున టమోటా కాయుచున్నది. తండ్రి ఉదయమున పత్రికను విప్పెను. వెనుకటి వారము టమోటా ధర లెట్లున్నవో తెలుపు దిమ్మె పటమొకటి అందులో నున్నది. సోమవారపు దిమ్మె చీమంత, ఆదివారపు దిమ్మె తాటిచెట్టంత. నడుమ నున్నవి మెట్లవలె ఎక్కుచు పోయినవి. పైన పెద్ద అక్షరములతో “ఎగబ్రాకిన టమోటా” అని శీర్షిక.

“చూచితివా అమ్మా! వారము దినములలో ధర అయిదింత లాయెను. మిగిలిన రెండెకరములకును నారు తెప్పింతును. డబ్బునకు మండీవారిని అడిగెదను, కాయలు వారికే వేసి తీర్చుకొనవచ్చును” అని అతడు కూతురితో ననెను.

ఆ బాలిక ఎనిమిదవ తరగతి చదువుచున్నది. ఆమె పత్రికను తీసికొని దిమ్మెల పైన సన్నని అక్షరములలో నున్న అంకెలను చదివెను. సోమవారము 20 రూపాయలు. ఆదివారము 24 రూపాయలు. మఱల బొమ్మను చూచెను. అంకెలొక మాట, బొమ్మ యొక మాట చెప్పుచున్నవి. ఎడమ ప్రక్కనున్న నిలువు గీత అడుగున చూడగా అచ్చట సున్న లేదు. 19 అని యున్నది.

ఆమె ఏమియు ననక, మార్కెట్టునకు సిద్ధముచేసిన పెట్టెలోనుండి కాయలు తెచ్చి వాకిట వరుసగా పేర్చెను. మొదటి వరుసలో 20 కాయలు. దాని ప్రక్కనే రెండవ వరుసలో 24 కాయలు.

“కాయలు నలుగునే పిల్లా!” అని అవ్వ అరుగుమీదనుండి కేకవేసెను.

“ఉండుము అవ్వా. నాయనా! ఒక్కొక్క కాయ ఒక్కొక్క రూపాయి. మొదటిది సోమవారము, రెండవది ఆదివారము. ఎంత భేదమున్నది?”

“నాలుగు కాయలు.”

బాలిక ఒక గోనెసంచిని తెచ్చి, రెండు వరుసలలోను మొదటి 19 కాయలను కప్పివేసెను. ఇప్పుడు ఒక వరుసలో ఒక్క కాయ, రెండవ వరుసలో అయిదు కాయలు మాత్రమే కనబడుచున్నవి.

“పత్రికవారు చూపినది ఇది.”

తండ్రి కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “అయితే పత్రికలో అబద్ధము వ్రాసినారా?” అని యడిగెను.

“లేదు నాయనా. 20 అని వ్రాసినారు, 24 అని వ్రాసినారు, రెండును నిజమే. బొమ్మ కాళ్లను మాత్రము గోనెక్రింద దాచినారు.”

ధర పెరిగినమాట నిజమే. అయిదవ వంతు పెరిగినది, అయిదింతలు కాలేదు. అయిదవ వంతు పెరుగుదలను చూచి రైతు చేయదగిన పని యొకటి, అయిదింతల పెరుగుదలను చూచి చేయదగిన పని వేఱొకటి. మండీవారి అప్పు ఈ రెంటి నడుమ నిలిచియున్నది.

ఇది పల్లెటూరి పత్రికలలో మాత్రమే జరుగునదని అనుకొనరాదు. 2012 లో అమెరికాలోని ఫాక్స్ న్యూస్ అను దూరదర్శన సంస్థ పన్నులను గూర్చి ఒక పటమును చూపెను. అప్పటి గరిష్ఠపు పన్ను నూటికి 35. పాత రాయితీలు ముగిసినచో అది 39.6 అగును. ఈ రెండు దిమ్మెలను ఆ సంస్థవారు 34 నుండి మొదలిడి గీచిరి. దానితో మొదటి దిమ్మె ఎత్తు ఒక పాలు, రెండవ దిమ్మె ఎత్తు అయిదున్నర పాళ్లకు మించి కనబడెను. నిజమునకు పెరుగుదల మొదటి పన్నుపై నూటికి పదమూడు పాళ్లు. ఆ దేశమున ఎన్నికలు జరుగనున్న సంవత్సరమది. కురబలకోట బాలిక గోనెసంచితో చేసినదానిని ఆ దొరలు కంప్యూటరుతో చేసిరి.

అట్లైనచో ప్రతి పటమును సున్ననుండియే గీయవలెనా? కాదు. జ్వరము వచ్చిన బిడ్డకు ఆసుపత్రిలో ఉష్ణోగ్రత పటము గీయుదురు. ఆరోగ్యవంతుని వేడి ఫారన్‌హీటు లెక్కను ఇంచుమించు 98.6. బిడ్డకు 104 ఉన్నదనుకొందము. సున్ననుండి గీచినచో ఈ రెంటి నడుమ భేదము నూటికి అయిదారు పాళ్లు. గీత దాదాపు చదునుగా కనబడును. ఆ పటమును చూచి “కంగారు లేదు” అని తల్లి ఇంటికి పోయినచో బిడ్డ ప్రాణమునకే ముప్పు. ఇచ్చట సున్ననుండి గీచినదే మోసము. దిమ్మె తన పొడవుచేత మాటాడును గనుక దాని పాదము సున్నయందుండవలెను. జ్వరపు గీతవంటిది తన ఎక్కుడు దిగుడులచేత మాటాడును గనుక అది ఎచ్చట మొదలైనను పరవాలేదు, మొదలిడిన చోటు స్పష్టముగా వ్రాసినచో చాలును.

ఈ దిమ్మె పటములను, గీతల పటములను మొదట ప్రచారములోనికి తెచ్చినవాడు విలియం ప్లేఫేరు అను స్కాట్లండు దేశీయుడు. ఆవిరియంత్రముల ఖ్యాతిగన్న జేమ్సు వాటు దగ్గర అతడు కొంతకాలము చిత్తు పటములు గీయు పని చేసెను. దేశముల వర్తకమును గీతలలో చూపు గ్రంథమును 1786 లో ప్రకటించెను. ఏటేటి లెక్కలున్న దేశములకు గీతలు గీచి, స్కాట్లండునకు ఒక్క సంవత్సరపు లెక్కలే దొరకుటచే, విధిలేక దిమ్మెలు గీచెను. లెక్కల కొఱతనుండి పుట్టిన ఆ దిమ్మెలే నేడు ప్రతి పత్రికలోను కనబడుచున్నవి. గుండ్రని రొట్టెను ముక్కలు కోసినట్లుండు వృత్తపటమును గూడ అతడే 1801 లో చూపెను. వృత్తపటములోని ముక్కలన్నియు కలిసి నూరు కావలెను. ఇది బాలురకును తెలిసిన సంగతి. అయినను 2009 లో అమెరికాలోని ఒక దూరదర్శన కేంద్రమువారు ముగ్గురు నాయకులకు గల మద్దతును ఒకే వృత్తములో 70, 63, 60 అని చూపిరి. కలిపినచో 193! ఒకరికంటె ఎక్కువమందిని మెచ్చుకొనవచ్చునను ప్రశ్నకు వచ్చిన జవాబులను రొట్టెముక్కలుగా కోయుటచే వచ్చిన చిక్కది.

కొందఱు చిత్రకారులకు దిమ్మెలు నీరసముగా తోచును. వారు దిమ్మెకు బదులు టమోటా బొమ్మనే గీయుదురు. ధర రెండింతలైనచో బొమ్మ ఎత్తును రెండింతలు చేయుదురు. ఎత్తు పెరిగినప్పుడు వెడల్పును పెంచక తప్పదు గదా! లేనిచో అది టమోటా కాదు, దోసకాయ యగును. ఇందలి మోసము ముగ్గు పెట్టు పిల్లలకు సులభముగా తెలియును. నిలువున నాలుగు, అడ్డముగా నాలుగు చుక్కలు పెట్టినచో పదునారు చుక్కలు. ఎనిమిదికి ఎనిమిది పెట్టినచో అరువదినాలుగు. ప్రక్క రెండింతలైనది, ముగ్గుపిండి మాత్రము నాలుగింతలు పట్టినది. అట్లే ధర రెండింతలై, కాగితముపై ఎఱ్ఱరంగు నాలుగింతలగును. కన్ను ఎత్తును గాక రంగు పరచుకొన్న చోటునే చూచును.

మహనీయులును ఇందులో తడబడిరి. క్రిమియా యుద్ధమున సైనికులు గాయములచేత కంటె రోగములచేతనే ఎక్కువగా చనిపోయిరని ఫ్లారెన్సు నైటింగేలు 1858 లో పటములద్వారా ఇంగ్లండు పాలకులకు చూపెను. ఆమె మొదట గీచిన పటములో మరణముల సంఖ్యను కేంద్రమునుండి గీచిన గీత పొడవునకు సరిపెట్టెను. దానిచేత రేకుల వైశాల్యము ఉన్నదానికంటె అధికమై తోచెను. ఆమె ఆ లోపమును గుర్తించి, వైశాల్యమే సంఖ్యకు సరిపడునట్లు పటమును మార్చెను. తన వాదమునకు బలము చేకూర్చుచున్న తప్పును తానే దిద్దుకొనుట సామాన్యుల వలన అగుపని కాదు.

ఇక పటములో చూపినదానికంటె చూపనిదానివలన కలుగు చిక్కు మఱింత పెద్దది. 2023 జూలై చివర మదనపల్లె మార్కెట్టులో మొదటిరకపు టమోటా కిలో 200 రూపాయల వరకు పలికెను. ఆ నెలలోనే కేంద్రప్రభుత్వమువారు సహకార సంస్థలద్వారా మదనపల్లె, కోలారు వంటి మార్కెట్లలో కాయలు కొనిపించి, ఢిల్లీ మొదలగు నగరములలో కిలో 90 రూపాయలకు, పిమ్మట 80 కి, 70 కి అమ్మించిరి. సెప్టెంబరు నాటికి రాష్ట్రములోని మార్కెట్లలో ధర పది రూపాయల దరిదాపులకు, కొన్నిచోట్ల అంతకంటె క్రిందికిని పడిపోయెను. ఇవి జరిగిన సంగతులు. ఇప్పుడు ఒక పత్రిక మే నెలనుండి జూలై వరకు మాత్రమే గీత గీచినదనుకొందము. గీత ఆకాశమునకు పోవును; టమోటా రైతు కుబేరుడైనట్లు కనబడును. వేఱొక పత్రిక ఆగస్టునుండి సెప్టెంబరు వరకు మాత్రమే గీచినచో గీత బావిలో పడును. రైతు బిచ్చగాడైనట్లు కనబడును. సంవత్సర మంతయు గీచినచో, ఇరుప్రక్కల చదునైన నేల, నడుమ సన్నని కొండకొమ్ము. ముగ్గురును అవే అంకెలు తీసికొనిరి. కత్తెర వేసిన చోటులు వేఱు.

పైగా ఆ 200 రూపాయలు మొదటిరకపు కాయకు పలికిన ధర. మచ్చలు పడిన రెండవ రకమునకు, మూడవ రకమునకు అంత ధర రాదు. ఒక్క చేనిలో అన్ని రకములును కాయును. శీర్షికలోనికి ఎక్కునది మాత్రము అన్నిటికంటె పెద్ద అంకెయే. కొమ్మునుచూచి నారు నాటినవానికి కోత రెండు మూడు నెలలకుగాని రాదు. అప్పటికి కొమ్ము దాటిపోవును. కోత కూలియు, బండి బాడుగయు గిట్టక రైతులు కాయలను రోడ్డు ప్రక్కన పారబోసిన సందర్భములు రాయలసీమలో పలుమారులు కలిగినవి.

ఆ సంవత్సరముననే మఱియొక గీత పత్రికలలో తఱచుగా వచ్చినది. వస్తువుల చిల్లర ధరలు ఏడాదికి ఎంత చొప్పున పెరుగుచున్నవో చూపు గీత అది. 2023 జూలైలో నూటికి 7.44, ఆగస్టులో 6.83, సెప్టెంబరులో 5.02. గీత దిగుచున్నది. దానిని చూచి “ధరలు వెనుకటి యేటికంటె తగ్గినవి” అని సంతోషించిన చదువరి పొరబడినట్లే. సెప్టెంబరులోని 5.02 అనగా, వెనుకటి సెప్టెంబరులో నూరు రూపాయలకు వచ్చిన సరకులకు ఇప్పుడు నూట అయిదు రూపాయలు కావలెనని అర్థము. బండి వేగము తగ్గినంతమాత్రమున అది వెనుకకు నడచుచున్నట్లు కాదు.

కోవిడ్ మహమ్మారి కాలమున పటములు చూడని ఇల్లు లేదు. మొదటినుండి ఆనాటి వరకు రోగము సోకినవారి మొత్తమును చూపు గీత కొన్ని పత్రికలలో నుండెడిది. ఆ గీత ఎన్నడును దిగదు. రోగము పూర్తిగా పోయినను చదునుగా నిలుచునే గాని క్రిందికి రాదు. దినదినమున క్రొత్తగా సోకినవారిని చూపు గీత ఎక్కును, దిగును. రెంటికిని భేదము తెలియక భయపడినవారును, ధైర్యపడినవారును కలరు. 2020 మే నెలలో అమెరికాలోని జార్జియా రాష్ట్ర ప్రజారోగ్యశాఖవారు ప్రకటించిన పటమున దిమ్మెలు ఎడమనుండి కుడికి చక్కగా దిగుచు వచ్చినవి. రోగము తగ్గుచున్నదని చూపరులు తలంచిరి. క్రింద వ్రాసిన తేదీలను చదివిన కొందఱికి ఆశ్చర్యము కలిగెను. తేదీలు వరుసలో లేవు! పెద్ద దిమ్మె మొదట, చిన్న దిమ్మె తుదను వచ్చునట్లు దినములనే కలిపి పేర్చిరి. విమర్శ వచ్చిన పిమ్మట అధికారులు క్షమాపణ చెప్పి దానిని సవరించిరి. అంతకు ముందు 2014 లో ఫ్లారిడా రాష్ట్రపు తుపాకి మరణములను గూర్చి రాయిటర్సు సంస్థ ప్రకటించిన పటమున సున్న పైనను, పెద్ద అంకెలు క్రిందను ఉండెను. 2005 లో వచ్చిన ఒక చట్టము తరువాత మరణములు పెరుగగా, గీత క్రిందికి జాఱినట్లు కనబడెను. రక్తము కారినట్లు చూపవలెనని చిత్రకారుని ఊహ. చూపరులలో పలువురు మాత్రము మరణములు తగ్గినవని చదువుకొనిరి.

ఎన్నికల దినమున వచ్చు రంగుల పటములును ఇట్టివే. మన రాష్ట్ర శాసనసభలో 175 స్థానములు. 2019 లో నూటికి దాదాపు 39 ఓట్లు పొందిన ఒక పక్షమునకు 23 స్థానములు వచ్చినవి. 2024 లో దాదాపు అన్నియే ఓట్లు పొందిన వేఱొక పక్షమునకు 11 స్థానములే వచ్చినవి. పక్షముల పేర్లతో ఇచ్చట పనిలేదు. ఆ రెండు సంవత్సరములలోను పటము చాలవఱకు ఒకే రంగుతో నిండిపోయెను. ప్రతి పదిమందిలో నలుగురికి సమీపమైన జనము ఆ పటమునందు దాదాపు కనబడకయే పోయిరి. స్థానములను చూపు పటము స్థానములనే చూపినది, తప్పులేదు. దానిని జనుల మనస్సులకు పటముగా చదువుటయే తప్పు. అదియునుగాక, విజయవాడ నగరములోని ఒక నియోజకవర్గము పటముపై గోరంత. కొండలు, అడవులు గల మన్యపు నియోజకవర్గము అరచేయంత. శాసనసభలో రెంటికిని ఒక్కొక్క స్థానమే.

ఇవి యన్నియు దుర్బుద్ధితో చేసినవని చెప్పుట న్యాయము కాదు. రాత్రి పదిగంటలకు పుట పూర్తిచేయవలసిన ఉపసంపాదకుడు అంకెలను కంప్యూటరులో వేయును. పటమును ఏ అంకెనుండి మొదలిడవలెనో పెక్కుమారులు ఆ యంత్రమే ఎంచుకొనును. ఉన్న చోటు రెండంగుళములు. ఆ రెండంగుళములలో ఏదో ఒకటి ఎగిరినట్లు గాని పడినట్లు గాని కనబడనిచో చదువరి పుట త్రిప్పివేయును. చదువరి త్వరయును, పత్రిక త్వరయును కలిసి దిమ్మె కాళ్లను నఱకుచున్నవి. డారెల్ హఫ్ అను అమెరికా రచయిత 1954 లోనే గణాంకములతో అబద్ధమాడు విధములను వెక్కిరించుచు చిన్న పుస్తకము వ్రాసెను. అందులో ఈ కాళ్లు నఱికిన పటము కూడ కలదు. లోకప్రసిద్ధుడైన మన తెలుగు సాంఖ్యకశాస్త్రవేత్త సి. ఆర్. రావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమును చదివి, కలకత్తా చేరి పేరొందినవాడు. టమోటా ధర ఆకాశము నంటిన 2023 లోనే, ఆగస్టు నెలలో, 102 ఏండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను. అంకెలకును సత్యమునకును గల సంబంధమును గూర్చి ఆయన ఒక గ్రంథమే వ్రాసెను.

కురబలకోట ఇంటిలో ఆ సాయంకాలము తండ్రి కూతురిని పిలిచెను. “వారము లెక్క చూచితిమి. ఏడాది లెక్క ఎక్కడ దొరకును?”

కేంద్ర వ్యవసాయశాఖవారి అగ్‌మార్క్‌నెట్ అను కొలువులో మార్కెట్ల దినధరలు దొరకును. బాలిక సెల్‌ఫోనులో వానిని చూచి, పాత క్యాలెండరు వెనుక వైపున ఒక్కొక్క వారమునకు ఒక్కొక్క చుక్క పెట్టి గీత కలిపెను. ఈమారు అడుగున సున్న వ్రాసెను. గీత చాలదూరము నేలబారుగా పోయి, ఒకచోట మాత్రము లేచి, మఱల పడినది.

తండ్రి ఆ లేచినచోట వ్రేలు పెట్టి, “ఇది ఎన్ని దినములు?” అని యడిగెను.

“మూడు వారములు.”

“అప్పుడు మన చేనిలో కాయలుండెనా?”

“లేవు నాయనా. పూతమీద నుండెను.”

అతడు చాలసేపు ఆ కాగితమును చూచెను. మఱునాడు నారు తెచ్చెను గాని అర ఎకరమునకే తెచ్చెను. తక్కిన ఎకరమున్నరలో వేరుసెనగ విత్తుటకు నిశ్చయించెను. మండీవారి దగ్గరకు పోలేదు.

వాకిట పేర్చిన కాయలను అవ్వ ఉదయముననే పెట్టెలో తిరిగి వేసియుండెను. నలువదినాలుగు ఉండవలసినవి, నలువదిమూడే యున్నవని ఆమె రాత్రి భోజనమువేళ చెప్పెను. ఆ బాలిక తమ్ముడు తలవంచుకొని అన్నము తినుచుండెను.